కంపు, కమ్మన: ఒకే వేరు, రెండు దారులు
మాటల చరిత్ర – 9వ భాగం

సత్తెనపల్లిలో ఏ వీధిలోనైనా నిలబడి "చెన్నయ్యా" అని పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారు. చెన్నమ్మ, చెన్నారావు, చెన్నకేశవులు అన్నీ మాచెర్ల చెన్నకేశవస్వామి ఈ సీమకు ఇచ్చిన పేర్లే. బ్రహ్మనాయుడు కొలిచిన దేవుడాయన. 12వ శతాబ్దం చివర్లో జరిగిన పల్నాటి యుద్ధం కథలో వీరులు అడుగడుగునా తలుచుకునేది ఆయన్నే. అయితే ఆ పేరులో ముందున్న 'చెన్న'కు అర్థమేమిటని అడిగితే ఆ పేరు పెట్టుకున్నవాళ్ళే తడుముకుంటారు.

చెన్ను అంటే అందం. చెన్నకేశవుడంటే అందాల కేశవుడు. పాత కావ్యాల్లో చెన్నారు, చెన్నొందు అనే క్రియలు కొల్లలుగా కనిపిస్తాయి. ఇవాళ బట్టల కొట్లో చీర విప్పి చూపిస్తే "చెన్నుగా ఉంది" అనే మనిషి పల్నాడు మొత్తం మీద దొరకడు. అదే బెంగళూరులో బస్సు దిగితే మొదట చెవిన పడే మాటల్లో 'చెన్నాగిదె' ఒకటి. కన్నడిగులు పూటకు పదిసార్లు వాడుకునే మాట మనకు దేవుడి పేరులోనూ మనుషుల పేర్లలోనూ మాత్రమే మిగిలింది.

గత భాగంలో కొలతల మాటల గురించి చెప్పుకున్నాం. ఈసారి బాగుంది, హాయిగా ఉంది, ముచ్చటగా ఉంది అని చెప్పుకునే మాటల సంగతి చూద్దాం. కొలత మాటకు రాయీ తూకమూ సాక్ష్యంగా ఉంటాయి. శేరు పోయి కిలో వచ్చిన సంవత్సరం చెప్పగలం. మనసుకు నచ్చినదాన్ని చెప్పే మాటకు అలాంటి గుర్తు ఉండదు. అది ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు పక్కకు తొలగిందో ఎవరూ రాసిపెట్టరు. అయినా ఒక ప్రాంతం మీదుగా ఎవరెవరు వచ్చి వెళ్ళారో, జనం దేన్ని చూసి మురిశారో ఈ మాటలు చెప్పినంత నిక్కచ్చిగా శాసనాలు కూడా చెప్పవని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలు వెతుక్కోవడానికి సత్తెనపల్లి చుట్టుపక్కల నేల చాలు.

ఈ నేలకు తెలుగు మాటతో ఉన్న బంధం చిన్నదేమీ కాదు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో అమరావతి సత్తెనపల్లి తాలూకాలోనే ఉండేది. అక్కడి స్తూపం రాతి మీద వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తుపట్టిన 'నాగబు' అన్నదాన్నే మనకు దొరికిన తొలి తెలుగు మాటగా చెప్పుకుంటాం. ఇటు చూస్తే వినుకొండ. తెలుగు గొప్పదనం చెప్పడానికి అందరూ ఎత్తుకునే 'దేశభాషలందు తెలుగు లెస్స' అనే వాక్యాన్ని శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదతో ముడిపెట్టడం మనకు అలవాటు. రాయలకు దాదాపు నూరేళ్ళ ముందే అది క్రీడాభిరామంలో ఉంది. ఆ పుస్తకం వినుకొండ వల్లభరాయుడి పేరుతో ప్రసిద్ధం. అసలు కర్త శ్రీనాథుడని వాదించే పండితులూ ఉన్నారు. ఎవరు రాసినా, 15వ శతాబ్దంలో లెస్స అంటే 'బాగు, మేలు' అని జనానికి చెప్పనక్కర్లేకుండానే తెలుసు. ఈనాటి బడిపిల్లలు ఆ ఒక్క వాక్యంలో తప్ప ఇంకెక్కడా లెస్సను వినరు. ఇంగ్లీషు 'లెస్' ముందు తెలిసిన పిల్లవాడు దాన్ని తక్కువ అనే అర్థంలో తీసుకుంటే తప్పు వాడిది కాదు. నిలువెల్లా బాగు అనే అర్థం నింపుకున్న మాటను వాడుకలోంచి జారవిడిచింది మనమే.

చెన్ను, లెస్స వాడుకలోంచి వెళ్ళిపోయాయి. ఒక మాట ఉంటూనే అర్థం తలకిందులవడం అంతకంటే పెద్ద కథ. 'కంపు'ను తీసుకోండి. మురిక్కాలవ కంపు, నోటి కంపు, కుళ్ళిన ఉల్లిపాయల కంపు అంటాం. ఒకడి ప్రవర్తన నచ్చకపోతే "అంతా కంపు చేశాడు" అంటాం. పాత తెలుగులో కంపు అంటే పరిమళం. కవులు పూలకూ కస్తూరికీ కర్పూరానికీ కంపు అంటగట్టి మురిసిపోయారు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం లాంటి నిఘంటువులు పరిమళాన్నీ దుర్గంధాన్నీ పక్కపక్కనే ఇస్తాయి. కన్నడంలో నేటికీ కంపు అంటే సువాసనే. మల్లెపూల కంపు అని కన్నడ కవి రాస్తే అక్కడ ఎవరూ ముక్కు మూసుకోరు.

అసలు విశేషం ఇక్కడుంది. కంపుకు ఒక తోబుట్టువు ఉంది, ఆ తోబుట్టువు గౌరవం ఏమాత్రం తగ్గలేదు. 'కమ్మ', 'కమ్మన', 'కమ్మని' అనే మాటలదీ కంపుదీ ఒకే వేరు. తమిళంలో పరిమళించడాన్ని చెప్పే 'కమళ్' కూడా ఆ కుటుంబంలోదే. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ చుట్టాలందరినీ ఒకచోట చేర్చింది. కమ్మ అంటే మొదట సువాసనే. వెన్న కాచేటప్పుడు వంటింట్లోంచి వీధిదాకా వచ్చే వాసన కమ్మన. అక్కడినుంచి మాట ముక్కును దాటి నాలుక మీదికి చేరింది. కమ్మని పెరుగు, కమ్మటి పప్పు, కమ్మని మజ్జిగ. తర్వాత చెవిలోకి వచ్చి కమ్మని పాట అయింది. చివరికి "రాత్రి కమ్మగా నిద్రపట్టింది" అనేదాకా వచ్చింది. నిద్రకు వాసనా లేదు, రుచీ లేదు. ఒకే వేరునుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి మురిక్కాలవ దగ్గర మిగిలితే రెండోది పసిపాప నిద్రదాకా వెళ్ళింది.

ఎందుకిలా జరిగింది? నాకు తోచే కారణం ఇది. మంచి వాసన వచ్చినప్పుడు మనిషి మాట్లాడకుండా పీల్చుకుంటాడు. చెడు వాసన వచ్చినప్పుడే నోరు తెరిచి "ఏమిటిది?" అని అడుగుతాడు. కాబట్టి వాసనను ఊరికే చెప్పే మాట ఏదైనా, చెడ్డ సందర్భంలోనే ఎక్కువగా నలిగి ఆ మరక అంటించుకుంటుంది. కంపు అలా పాడైపోయాక దాని చోటులోకి సంస్కృతం నుంచి వచ్చిన 'వాసన' చేరింది. ఇప్పుడు దాని గతీ అదే. "పప్పు వాసనొస్తోంది" అంటే అది పాసిపోయిందని ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. మంచిదని చెప్పాలంటే 'మంచి' అనో 'సు' అనో ముందు తగిలించాల్సి వస్తోంది. ఆ తర్వాత ఇంగ్లీషు 'స్మెల్' వచ్చింది. దానికి ఒక్క తరం గడువు కూడా దక్కలేదు. "స్మెల్ వస్తోంది" అన్నారంటే చెత్తబుట్ట తీసి బయట పెట్టమని అర్థం.

ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. ఇప్పుడు దుర్గంధానికి వాడే 'స్టింక్' వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఏ వాసనకైనా చెల్లేది. పూలు కూడా తీయగా 'స్టింక్' అయ్యేవి. అది చెడిపోయాక దాని పని స్మెల్ తీసుకుంది, ఇప్పుడు స్మెల్ కూడా అటే జారుతోంది. సత్తెనపల్లి మనిషీ లండన్ మనిషీ ఒకరినొకరు చూసుకోకుండానే ఒకే దారిలో నడిచారు.

పరిమళం నుంచి వచ్చిన ఇంకో మాట 'వలపు'. వలచు అంటే పరిమళించు, ప్రేమించు అని రెండర్థాలు. బ్రౌన్ నిఘంటువులోనూ రెండూ ఉన్నాయి. పరిమళం అనే అర్థం పోయింది. ప్రేమ అనే అర్థం పాటల్లో మిగిలింది.

ఇంగ్లీషు దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్దాం. ఇవాళ ప్రపంచమంతా వాడే 'నైస్' పుట్టుకలో 'తెలియనివాడు' అని అర్థం. లాటిన్‌లో నెస్కియుస్ అంటే అజ్ఞాని. ఫ్రెంచి మీదుగా మధ్యయుగపు ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది తెలివితక్కువవాడికి పెట్టిన పేరు. తర్వాత చాదస్తం, నాజూకుతనం, సూక్ష్మంగా చూడడం అనే అర్థాల మీదుగా నడిచి, 18వ శతాబ్దం రెండో సగానికి 'బాగున్నది' అనే అర్థానికి చేరింది. అక్కడ కుదురుకున్నాక దేనికి పడితే దానికి వాడేశారు. 1817 చివర్లో వెలువడిన నార్తాంగర్ ఆబే నవలలో జేన్ ఆస్టిన్ ఒక పాత్ర చేత ఆ విచ్చలవిడి వాడకాన్ని ఎత్తిచూపించింది కూడా.

ఇది ఇంగ్లీషువాళ్ళకు మాత్రమే దక్కిన వింత అనుకోవద్దు. మన 'ముగ్ధ'ను చూడండి. సంస్కృతంలో ముహ్ అనే ధాతువుకు తికమకపడడం, స్పృహ తప్పడం అని అర్థం. మోహం, మూఢుడు అక్కడినుంచి వచ్చినవే. ముగ్ధ అంటే మొదట తెలివి చాలని మనిషి. ఆ తర్వాత లోకం తెలియని అమాయకురాలు, ఆ తర్వాత చూడముచ్చటైన పిల్ల. ఇప్పుడు ముగ్ధమనోహరం అంటే మెచ్చుకోలు. నైస్ నడిచిన దారి సరిగ్గా ఇదే. దీనికి ఎదురుదారిలో నడిచిన మాటలూ ఉన్నాయి. ఇంగ్లీషు 'సిల్లీ' ఒకప్పుడు దైవకృప పొందిన భాగ్యవంతుడికి చెప్పిన మాట. భాగ్యవంతుడు, అమాయకుడు, పాపం దీనుడు, చివరికి బుద్ధిహీనుడు అని అది మెట్టు మెట్టుగా దిగింది. మన 'అమాయకుడు' కూడా కొంత దిగాడు. మాయ లేనివాడనే గొప్ప అర్థంతో మొదలై, ఎవరైనా మోసం చేయగలిగినవాడి దగ్గర ఆగాడు. కపటం లేకపోవడాన్ని లోకం ఎలా లెక్కగడుతుందో ఈ రెండు మాటలు చూపిస్తాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది 'సంతోషం'. సంస్కృతంలో దానికి అసలు అర్థం తృప్తి, ఉన్నదానితో నిండడం. యోగశాస్త్రంలో నియమాల్లో ఒకటిగా చెప్పేది ఆ తృప్తినే. తెలుగులో అది ఉప్పొంగే ఆనందమైంది. ఇంగ్లీషులో దుఃఖానికి వాడే 'సాడ్' అనే మాటకు పాత అర్థం కూడా నిండడమే, కడుపు నిండడమే. అక్కడ నిండుదనం బరువుగా మారి, బరువు దిగులుగా మారింది. నిండుగా ఉండడం అనే ఒక్క భావం ఒక దేశంలో సంతోషమై, ఇంకో దేశంలో విచారమై నిలిచింది.

మంచిని చెప్పే మాటలు చాలావరకు చేతి పనిలోంచి, కంటి చూపులోంచి పుట్టాయి. 'సుఖం' అనే మాటకు బండిచక్రపు ఇరుసు రంధ్రంతో సంబంధం ఉందని పండితులు చెబుతారు. రంధ్రం బాగా కుదిరిన రథం కుదుపు లేకుండా సాగుతుంది, అది సుఖం. ఋగ్వేదంలో ఈ మాటను రథాలకు వాడారు. రాళ్ళదారుల్లో ఎద్దుబండి మీద పత్తి తోలినవాళ్ళకు ఈ వ్యుత్పత్తిని విడమర్చి చెప్పక్కర్లేదు. 'చక్కన' అంటే మొదట వంకర లేనిది, సరిగ్గా ఉన్నది. ఇప్పటికీ పనిని చక్కబెడతాం, చక్కదిద్దుతాం. ఆ సరితనమే ముఖానికి అన్వయించి చక్కదనం అన్నారు. 'అందం' అంటే తీరు, విధం అనే అర్థం పాత తెలుగులో ఉండేది. తీరుగా ఉన్నదే అందంగా ఉన్నది.

'ఒప్పు' సంగతీ అంతే. ఇప్పుడు ఒప్పు అంటే తప్పు కానిది. పరీక్ష కాగితంలో తప్పొప్పులు. పాత తెలుగులో ఒప్పు అంటే శోభ, అందం. ఎదుటిదానితో సరిపడేది ఒప్పేది, ఒప్పేది అందమైనది. ఆ అర్థం పుస్తకాల్లోంచి తొలగిపోయినా ఆడపిల్లల ఆటలో నిలిచింది. ఇద్దరు పిల్లలు చేతులు పెనవేసి గిరగిరా తిరిగే ఒప్పులకుప్పలో 'ఒప్పులకుప్ప' అంటే అందాలరాశి. ఆడుకునే పిల్లలకు ఈ సంగతి తెలియదు, అయినా కొన్ని వందల ఏళ్ళ నాటి అర్థాన్ని వాళ్ళే కాపాడారు. పండితులు వదిలేసినదాన్ని పిల్లలు పట్టుకున్న సందర్భాలు మన భాషలో ఇంకా ఉన్నాయి, వాటికి విడిగా ఒక భాగం కేటాయిస్తాను.

ఇక 'రసికుడు'. పల్నాడును గురించి శ్రీనాథుడి పేరుతో ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. రసికుడైనవాడు పల్నాడు వెళ్ళడనీ, అక్కడ అప్సరసకైనా నూలు వడకక తప్పదనీ, రాజైనా దున్నాలనీ, మన్మథుడికైనా జొన్నకూడే దక్కుతుందనీ దాని సారం. ఇది శ్రీనాథుడే చెప్పాడో, ఆయన పేరున చెలామణి అయిందో తేల్చడం కష్టం. పెదకోమటి వేమారెడ్డి కాలంలో కొండవీడులో విద్యాధికారిగా ఉండి, సన్నబియ్యానికీ చందనానికీ అలవాటుపడ్డ కవికి ఈ మెట్టసీమ కరుకుగా కనిపించడం సహజం. ఆ పద్యంలోని రసికుడు కళలూ కావ్యమూ భోజనమూ తెలిసిన అభిరుచి కలవాడు. నేడు ఒక మగవాణ్ణి రసికుడని పరిచయం చేస్తే ఇంట్లోవాళ్ళు అనుమానంగా చూస్తారు. శృంగారానికీ ఇదే జరిగింది. అలంకారమూ, రసమూ, దైవభక్తిలోని మధురభావమూ అన్నీ దానిలో ఉండేవి. అన్నమయ్య కీర్తనల్లో ఒక పెద్ద భాగాన్ని శృంగార సంకీర్తనలనే పిలుస్తాం. వారపత్రికల కాలానికి ఆ మాట పడకగది దాటి బయటికి రాలేకపోయింది. దాని తెలుగు రూపం 'సింగారం' మాత్రం పెళ్ళికూతురి జడకూ బతుకమ్మ పూలకూ అంటిపెట్టుకుని చెడకుండా బయటపడింది. పల్నాటివాళ్ళు వడికిన నూలునూ తిన్న జొన్నకూడునూ తక్కువ చేసిన ఆ చాటువు మీద నాకున్న అభ్యంతరం వేరు. దున్నే రాజును చూసి మురవలేనివాడి అభిరుచిలోనే లోటుంది.

ఇక పారసీ నుంచి వచ్చిన మాటలు. 1579లో కొండవీడు గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. దానికి ముర్తజానగర్ అనే పేరు పెట్టారు. అక్కడినుంచి నిజాము, అతని తమ్ముడు బసాలత్ జంగ్ దాకా గుంటూరు సర్కారు పారసీ కచేరీల కింద నడిచింది. 1788లో అది ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. పల్నాడు విడిగా ఆర్కాటు నవాబు కింద ఉండి 1801లో కంపెనీకి చేరింది. రెండు శతాబ్దాలకు పైగా శిస్తు కాగితాలతోపాటు మనసుకు నచ్చినవాటి పేర్లు కూడా ఆ భాషనుంచే వచ్చాయి. 'పసందు' అంటే పారసీలో నచ్చినది. మనకు విందు పసందు. 'మజా' అంటే రుచి. మనకు ఉల్లాసం. 'నాజూకు' సున్నితం. 'శభాష్' పూర్తిరూపం షాద్ బాష్, అంటే సంతోషంగా ఉండు అనే దీవెన. బడిలో పిల్లవాడి వీపు తట్టి శభాష్ అన్న ప్రతి మాస్టారూ తెలియకుండానే వాణ్ణి దీవించారు.

అరబ్బీ నుంచి వచ్చినవి ఇంకా దూరం నడిచాయి. 'షౌఖ్' అంటే తీరని కోరిక, ఆరాటం. తెలుగులో అది 'షోకు' అయింది. కొత్త చొక్కా, దువ్విన తల, కళ్ళజోడు. లోపలి ఆరాటం బయటి అలంకారంగా మారింది. 'జల్సా' అంటే కూర్చోవడం, సభ. మనకు పని మానేసి ఖర్చుపెట్టడం. 'తమాషా' అంటే నలుగురూ కలిసి తిరగడం, అది చూడదగ్గ వేడుకగా మారి మన దగ్గర వింత అయింది. 'కులాసా' మూలధాతువులో విడుదల, స్వచ్ఛత అనే భావం ఉంది. ఉత్తరాల కాలంలో "మేమిక్కడ కులాసా" అని ప్రతి కార్డు మీదా ఉండేది. ఫోన్లు వచ్చాక ఆ మాట కార్డులతోపాటే వెనక్కి తగ్గింది. నా దృష్టిలో ఇది నిజమైన నష్టం. ఒంట్లో బాధా లేక, మనసులో చింతా లేక ఉండడాన్ని ఒక్క మాటలో చెప్పేది అదే.

ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా స్థిరపడడం తెలుగుకు దక్కిన సంపద. సత్తెనపల్లిలో 'ముచ్చట' అంటే చూసి మురిసేది, తీర్చుకోవాలనుకునే కోరిక. "పిల్లకు పట్టులంగా కుట్టించి ముచ్చట తీర్చుకున్నాం" అంటారు. కృష్ణ దాటి నల్లగొండ వైపు వెళ్తే ముచ్చట అంటే మాటామంతీ. ఇటు ముచ్చట్లు అనే బహువచనంలో మాత్రమే ఆ అర్థం ఉంది. 'ముద్దు'కు పాత అర్థం అందం, మనసుకు హత్తుకునే తీరు. తెలంగాణలో "పోరడు ముద్దుగున్నడు" అంటే నేటికీ ఆ అర్థమే. ఇటు ముద్దు అనగానే ముందు గుర్తొచ్చేది బుగ్గ మీద పెట్టేది. పాత అర్థం ముద్దుపేరులో, ముద్దుబిడ్డలో దాగి ఉంది.

మంచిమాట ఎక్కువగా వాడగా వాడగా తన అర్థం పోగొట్టుకుని కేవలం మోతాదు చెప్పే మాటగా మిగలడం ఇంకో రకం మార్పు. "బాగా చెడిపోయింది" అన్న వాక్యంలో బాగు ఎక్కడుంది? అక్కడ బాగా అంటే ఎక్కువగా అని మాత్రమే. 'శుభ్రం' అంటే సంస్కృతంలో తెల్లగా మెరిసేది. మనకు మురికి లేనిది అయింది. గుంటూరు, పల్నాడు ఇళ్ళలో "శుభ్రంగా తిని పడుకో" అంటే తృప్తిగా, కడుపునిండా అని. ఇంగ్లీషు 'గ్లాడ్' కూడా మొదట మెరుపునే చెప్పేది, తర్వాత సంతోషమైంది. 'ప్రెట్టీ' అందంగా అనే అర్థంతో ఉంటూనే, చాలా అనే అర్థంలో చెడ్డవాటి ముందు కూడా చేరుతుంది. మన బాగాకు అది తోడు.

భయం పొగడ్తగా మారడం అన్నిటికంటే ఆశ్చర్యం. ఇంగ్లీషులో 'టెరిఫిక్' భయం పుట్టించేది, ఇప్పుడు అద్భుతం. 'ఆఫుల్' గగుర్పాటు కలిగించేది, అది మాత్రం చెడువైపు పోయింది. మన పల్లెల్లో ఎప్పటినుంచో 'యమ' ఉంది. యమ రుచి, యమా బాగుంది. ప్రాణాలు తీసే దేవుడి పేరు కూర రుచికి తోడు వచ్చింది. గత ముప్పై ఏళ్ళలో సినిమా హాళ్ళ దగ్గర ఈ ధోరణి ఉధృతమైంది. అదిరింది అంటే వణికింది అని అర్థం, అది మెచ్చుకోలై 2010లో 'అదుర్స్' పేరుతో సినిమా టైటిలైంది. 'కేక' అరుపు, అదీ పొగడ్తే. ఇప్పటి కుర్రాళ్ళు బీభత్సం, అరాచకం, ఊచకోత అనే మాటలతో నచ్చిన సినిమాను మెచ్చుకుంటున్నారు. పెద్దలు దీన్ని భాష పతనమంటారు. నేను ఒప్పుకోను. మామూలు మాట అరిగిపోయినప్పుడు మనసులోని ఉద్రేకాన్ని మోయగల బరువైన మాట కోసం యువకులు ఎప్పుడూ భయం వైపే చేయి చాచారు. పాతికేళ్ళకు బీభత్సం కూడా అరుగుతుంది.

చివరిగా నైస్ దగ్గరికే మళ్ళీ రావాలి. లాటిన్ అజ్ఞాని ఇంగ్లీషు మర్యాదస్తుడై సత్తెనపల్లి చేరాక కూడా మారడం మానలేదు. ఇక్కడ పిండిని నైస్‌గా రుబ్బుతారు, అంటే పలుకు లేకుండా మెత్తగా. బట్ట నైస్‌గా ఉందంటే తాకితే నున్నగా ఉందని. "వాడు నన్ను నైస్ చేసి డబ్బులు పట్టుకుపోయాడు" అంటే తియ్యటి మాటలతో లొంగదీశాడని. ఈ అర్థాన్ని ఇంగ్లీషువాడికి చెబితే వాడికి తెలియదు. ఇది ఇక్కడే పుట్టింది. 'హ్యాప్' అనే అదృష్టం నుంచి పుట్టిన 'హ్యాపీ' ఇక్కడ నిశ్చింత అయింది. "నువ్వు హ్యాపీగా పడుకో, నేను చూసుకుంటా" అంటే కులాసా వదిలిపెట్టిన చోటును అది నింపుతోందన్నమాట. 'స్వీటు' విశేషణం నుంచి నామవాచకమై పెళ్ళి భోజనంలో విస్తరి మీదికి చేరింది. ఇవి తప్పుడు ఇంగ్లీషు కావు. తెలుగు మాటలే. వీటిని తెలుగు నిఘంటువుల్లోకి తెలుగు అర్థాలతో ఎక్కించాలి.

ఈ చరిత్ర రాయడంలో ఒక చిక్కుంది. పాత పుస్తకాల్లో మాట కనిపించినంత మాత్రాన ఆనాటి జనం నోట అది బతికి ఉందని చెప్పలేం. గ్రాంథికం రాసేవాళ్ళు ఇంపు, సొంపు, చెన్ను అని అచ్చులో రాస్తున్న కాలంలో వీధుల్లో మజా, కులాసా నడుస్తూ ఉండవచ్చు. గిడుగు రామమూర్తి ఉద్యమం తర్వాతే మనుషులు మాట్లాడిన తీరు అచ్చులోకి రావడం బలపడింది. అందులో ఈ ప్రాంతం వాటా పెద్దది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. ఆయన జైల్లో రాసిన మాలపల్లి 1922లో వెలువడింది, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వ్యవసాయ కూలీల ఇళ్ళలోని మాటలకు పుస్తకంలో చోటిచ్చిన నవల అది. ఒక మాట ఏ దశాబ్దంలో ఎవరి నోట ఏ అర్థంతో ఉందో తేల్చాలంటే ఇలాంటి పుస్తకాలే ఆధారం.

భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటి నాగలి భాగాల పేర్లను జిల్లా జిల్లాకూ సేకరించి దాచింది. రైతుల పనిముట్లకు జరిగిన ఆ మేలు రైతుల ఆనందపు మాటలకూ జరగాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు విడి జిల్లా అయింది. ఇక్కడి కళాశాలల తెలుగు శాఖలు ఈ పని తలకెత్తుకుంటే ఐదారేళ్ళలో మంచి కోశం తయారవుతుంది.

అంతదాకా ఆగకుండా పాఠకులు ఒక సాయం చేయాలి. మీ ఇంట్లో డెబ్భై దాటిన అమ్మమ్మో, తాతయ్యో, పొలం పనులు చేసిన పెద్దలో ఉంటే, నచ్చినదాన్ని వాళ్ళు ఏ మాటతో మెచ్చుకుంటారో వినండి. మాట ఒక్కటే రాయకండి. వాళ్ళు చెప్పిన పూర్తి వాక్యం, దేన్ని చూసి అన్నారో, ఏ ఊళ్ళో పుట్టి పెరిగారో రాసి పత్రికకు పంపండి. కంపును పరిమళం అనే అర్థంలో వాడినవాళ్ళు ఎక్కడైనా తారసపడితే ఆలస్యం చేయకుండా రాయండి. వచ్చిన వాక్యాలను ఊరి పేర్లతో సహా ఈ ధారావాహిక చివరి భాగంలో ప్రచురిస్తాం.

(వచ్చే భాగం: తిట్లుగా మారిన గౌరవపదాలు)